ఓల్డ్ సెటిల్‌మెంట్ వాసి ఏ రాష్ట్రపు మనిషి?

న్యూఢిల్లీ: పార్లమెంటులో పౌరసత్వం అనే మాట వినిపించినప్పుడల్లా సభ్యుల చూపు తూర్పు సరిహద్దు వైపు మళ్లుతుంది. అస్సాం ఒప్పందం, శరణార్థులు, చొరబాటుదారులు - వాదప్రతివాదాలు చాలావరకు ఈ పరిధిలోనే తిరుగుతూ ఉంటాయి. 2025 డిసెంబరులో ఎన్నికల సంస్కరణలపై లోక్‌సభ చర్చించినప్పుడు ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణ ప్రధానాంశమైంది; చొరబాటుదారుల ప్రస్తావన పదేపదే వచ్చింది. అయితే, ఏ అంతర్జాతీయ సరిహద్దునూ దాటకుండానే వలసదారుని చిక్కులన్నీ నెత్తిన వేసుకున్న భారత పౌరులు కూడా ఉన్నారు. వారి సంగతి ఎవరికీ స్ఫురించినట్లు లేదు. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ ప్రభృతి రైల్వే కాలనీలలో తరాల తరబడి నివసిస్తున్న తెలుగువారు అట్టివారు.

వారి పౌరసత్వాన్ని ఎవరూ కాదనలేదు. కాదనడానికి చట్టంలో ఆస్కారమూ లేదు. కాని హక్కు ఉండటం వేరు, అధికారి బల్లముందు దానిని రుజువు చేసుకోవడం వేరు. ఆ వ్యత్యాసం ఎంత పెద్దదో తెలుసుకోవాలంటే ఖరగ్‌పూర్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

రైలు తెచ్చిన వలస

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్ జంక్షన్, దాని వెంట పెద్ద కర్మాగారం వెలిశాయి. తూర్పు తీర రైలుమార్గం వాల్తేరును ఖరగ్‌పూర్‌తో, కలకత్తాతో కలిపిన తరువాత గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుంచి శ్రామికులు గుంపులుగా ఉత్తరానికి కదిలారు. కరువు ఒకవైపు తరిమితే, నెల జీతం మరొకవైపు రమ్మన్నది. గ్యాంగ్‌మన్లు, ఖలాసీలు, ఫిట్టర్లు, బాయిలర్ పనివారు - కర్మాగారపు కూతకు లేచి, కూతకు నిద్రించే ఒక తెలుగు సమాజం బెంగాలు గడ్డమీద ఏర్పడింది. 1927లో ఖరగ్‌పూర్ రైల్వే కార్మికులు చేసిన సమ్మెకు నాయకత్వం వహించిన వారిలో బరంపురం వాసి వి.వి. గిరి ముఖ్యులు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయినారు.

నాడు వచ్చినవారు ఒక దేశం నుంచి మరొక దేశానికి రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బెంగాల్ ప్రెసిడెన్సీకి వచ్చారు. రెండూ ఒకే పరిపాలన కింద ఉన్నవే. అందువల్ల వారివద్ద ప్రవేశ పత్రం లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. రైల్వే హాజరు పట్టీయే వారి ఆధారం, రైల్వే క్వార్టరే వారి చిరునామా.

సెటిల్‌మెంట్ అంటే స్థిరనివాసమని అర్థం. కాని ఈ పేటలో స్థిరంగా ఉన్నది రైల్వేయే తప్ప నివాసి కాదు. నేల రైల్వేది, ఇల్లు రైల్వేది. ఉద్యోగం ఉన్నంతకాలం క్వార్టరు ఉంటుంది. పదవీ విరమణతో పాటే దానినీ వదలవలసి ఉంటుంది. వదలకపోతే ప్రభుత్వ ఆవరణల నుంచి అనధికారులను తొలగించే 1971 నాటి చట్టం ఉండనే ఉంది. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ రైల్వేలో పనిచేసి, ముగ్గురూ అదే పేటలో జీవితం గడిపినా, ఆ కుటుంబం పేరిట ఒక సెంటు నేల పట్టా ఉండకపోవచ్చు. నూరేళ్ల నివాసానికి దస్తావేజు లేదన్నమాట.

మూడు మాటలు, మూడు చట్టాలు

సామాన్య సంభాషణలో మనం పౌరసత్వం, నివాసం, స్థానికత అనే మూడు మాటలను కలగలిపి వాడుతూ ఉంటాం. చట్టానికి అవి మూడు వేర్వేరు విషయాలు.

మొదటిది పౌరసత్వం. మన రాజ్యాంగం అమెరికా వలె రాష్ట్రానికొక పౌరసత్వం, దేశానికొక పౌరసత్వం అని రెండు కల్పించలేదు. 5వ అధికరణం ప్రకారం రాజ్యాంగం అమలులోకి వచ్చేనాటికి భారత భూభాగంలో స్థిరనివాసం కలిగి, ఇక్కడే పుట్టినవారు భారత పౌరులు. 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు భారతదేశంలో పుట్టినవారికి, స్వల్పమైన మినహాయింపులతో, పుట్టుకే చాలు. 1987 జూలై 1 తరువాత పుట్టినవారి తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 తరువాత పుట్టినవారి విషయంలో ఇద్దరూ పౌరులు కావాలి, లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి.

ఈ క్రమంలో ఒక వైపరీత్యాన్ని పాఠకులు గమనించాలి. డెబ్బై ఏళ్ల వృద్ధుని పౌరసత్వం రుజువు కావడానికి అతని పుట్టుక చాలు. కాని 2007లో పుట్టి, 2025లో మొదటిసారి ఓటు హక్కుకు అర్హురాలైన అతని మనుమరాలు తన పుట్టుకతో పాటు తల్లి సంగతి, తండ్రి సంగతి కూడా తేల్చుకోవాలి. దేశంలో కుటుంబం వేళ్లు ఎంత లోతుకు దిగితే రుజువు భారం అంత పెరుగుతున్నదన్నమాట.

రెండవది నివాసం. ఓటు హక్కుకు 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కోరేది నియోజకవర్గంలో సాధారణ నివాసం మాత్రమే. ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ సాధారణ నివాసి అయినట్లు కాదని ఆ చట్టపు 20వ సెక్షన్ చెబుతున్నది. ఇల్లు ఉండటమే చాలనప్పుడు, సొంత ఇల్లు లేకపోవడం దోషం కారాదు కదా! ఓల్డ్ సెటిల్‌మెంట్ వాసికి ఈ సెక్షన్ ఒక కవచం వంటిది.

మూడవది స్థానికత. దీనికి మూలం రాజ్యాంగం 16వ అధికరణంలోని మూడవ ఖండం. నివాసాన్ని బట్టి ఉద్యోగాలలో షరతులు పెట్టే అధికారం రాష్ట్రాలకు లేకుండా, పార్లమెంటుకు మాత్రమే ఉండేటట్లు రాజ్యాంగ సభలో సవరణ ప్రతిపాదించినవారు మన నెల్లూరు సీమకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. 1984లో ప్రదీప్ జైన్ కేసులో న్యాయమూర్తి భగవతి భారతదేశానికంతటికీ ఒకే స్థిరనివాసమని, రాష్ట్రానికొక స్థిరనివాసమనే భావన సరికాదని స్పష్టం చేశారు. సిద్ధాంతం ఇంత ఉదాత్తంగా ఉన్నది. ఆచరణ ఎట్లా ఉన్నదో చూద్దాం.

2002 జాబితా నీడ

ఎన్నికల కమిషన్ 2025 అక్టోబరు 27న పశ్చిమ బెంగాల్ సహా 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో ఓటర్ల జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణను ప్రకటించింది. నవంబరు 4 నుంచి బెంగాల్‌లో ఇంటింటికీ ఫారాలు వెళ్లాయి. 2002 నాటి జాబితాను ప్రాతిపదికగా తీసుకున్నారు. తన పేరుగానీ, తల్లిదండ్రుల వంటి పెద్దల పేరుగానీ ఆ జాబితాలో చూపగలిగినవారికి చిక్కు లేదు. చూపలేనివారు పత్రాలు చూపాలి. సుమారు 7 కోట్ల 66 లక్షల ఓటర్లున్న రాష్ట్రంలో డిసెంబరు 16న వెలువడిన ముసాయిదా జాబితాలో దాదాపు 58 లక్షల పేర్లు లేవు. మరణించినవారు, వేరే చోటికి వెళ్లినవారు, ఇంటివద్ద దొరకనివారు, రెండుచోట్ల నమోదైనవారు అని కారణాలు చూపారు.

దొంగ ఓట్లను, చనిపోయినవారి పేర్లను తొలగించడం కమిషన్ విధి. ఇందులో వివాదం లేదు. కాని రైల్వే పట్టణపు స్వభావం వేరు. ఉద్యోగి ఈనాడు ఖరగ్‌పూర్‌లో ఉంటాడు, రేపు బదిలీ మీద మరొక డివిజన్‌కు వెళతాడు, పదేళ్లకు తిరిగి వస్తాడు. క్వార్టరు మారితే పోలింగ్ కేంద్రం మారుతుంది. 2002లో ఒక క్వార్టరులో ఉన్న కుటుంబం 2025లో అక్కడ ఉండాలని ఆశించడం రైల్వే జీవితం తెలియని మాట.

ఇక పేర్ల సంగతి. పార్వతీపురం ప్రాంతపు పల్లె నుంచి 1930 దశకంలో ఖరగ్‌పూర్ చేరిన ఒక ఫిట్టరును ఊహించుకుందాం. అతను పుట్టినప్పుడు అతని ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా ఊరు అందులో చేరింది. 1953లో రాష్ట్రం పేరు ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. 1979లో ఆ ఊరు విజయనగరం జిల్లాకు పోయింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఊరు కదలలేదు, ఊరి చిరునామా మాత్రం కదులుతూనే ఉన్నది. తాత సర్వీసు పుస్తకంలో ఒక జిల్లా, తండ్రి బడి పత్రంలో మరొక జిల్లా, మనుమని దరఖాస్తులో ఇంకొక జిల్లా ఉంటే, మూడూ నిజమే. కాని గుమాస్తా కంటికి మూడూ పరస్పర విరుద్ధాలు.

పేరు కూడా అంతే. తెలుగువాని ఇంటిపేరు ముందు వస్తుంది, బెంగాలీ వారిది వెనుక. ఇంగ్లీషు రిజిస్టరులో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగులుతుంది. బెంగాలీ జాబితాలో 'రావు' అన్న తోకే ఇంటిపేరై కూర్చుంటుంది. బెంగాలీ లిపిలో మన వకారానికి విడిగా అక్షరం లేదు కనుక అది ఒకచోట బకారంగా, మరొకచోట భకారంగా మారుతుంది. తండ్రి పేరు రెండు జాబితాలలో రెండు విధాలుగా ఉంటే యంత్రం దానిని పొంతన కుదరని కేసుగా పక్కన పెడుతుంది. ఇటువంటి వ్యత్యాసాల పేరిట నోటీసులు అందుకొన్నవారి పేర్లను బహిరంగంగా ప్రదర్శించాలని 2026 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చిందంటే సమస్య ఎంత విస్తృతమో గ్రహించవచ్చు.

శ్రీకాకుళం నుంచి కోడలుగా వచ్చిన స్త్రీల చిక్కు మరొకటి. వారి పెద్దల పేర్లు బెంగాల్ జాబితాలో ఉండవు. ఆంధ్రప్రదేశ్ పాత జాబితాలో, తెలుగు లిపిలో ఉంటాయి. ఏ రాష్ట్రపు పాత జాబితానైనా చూపవచ్చునని కమిషన్ వెసులుబాటు కల్పించింది. మంచిదే. కాని ఆ తెలుగు పుటను చదివి సరిపోల్చవలసిన స్థానిక ఉద్యోగికి తెలుగు రావాలి కదా!

ఏ పత్రం దేనికి రుజువు?

కమిషన్ సూచించిన పత్రాల పట్టికలో ఓల్డ్ సెటిల్‌మెంట్ వాసికి ఉపకరించేవి కొన్ని ఉన్నాయి. ప్రభుత్వోద్యోగి లేదా పింఛనుదారు గుర్తింపు పత్రం, 1987 జూలై 1కి ముందు ప్రభుత్వ సంస్థలు, బ్యాంకులు, తపాలా కార్యాలయాలు, జీవిత బీమా సంస్థ జారీచేసిన పత్రాలు, జనన ధ్రువపత్రం, మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, స్థిరనివాస ధ్రువపత్రం, ప్రభుత్వం ఇచ్చిన భూమి లేదా ఇంటి కేటాయింపు పత్రం అందులో ముఖ్యమైనవి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆధార్ కూడా చేరింది. అయితే గుర్తింపుకు మాత్రమే. ఆధార్ చట్టపు 9వ సెక్షన్ ప్రకారం అది పౌరసత్వానికి గాని, స్థిరనివాసానికి గాని రుజువు కాదు.

కనుక రైల్వే కుటుంబాలు ఇప్పుడు చేయవలసిన పని ఒకటి ఉన్నది. పెద్దల సర్వీసు పుస్తకం నకలు, పింఛను చెల్లింపు ఉత్తర్వు, ప్రావిడెంట్ ఫండ్ చీటీలు, క్వార్టరు కేటాయింపు ఉత్తర్వులు, పాత జీవిత బీమా పాలసీలు - వీటిని చిత్తు కాగితాలుగా భావించి పారవేయరాదు. తండ్రి ఫోటోకు పూలదండ వేసినంత శ్రద్ధగా తండ్రి పింఛను పత్రాన్ని కూడా భద్రపరచవలసిన కాలం వచ్చింది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, అంతకు ముందు జాబితాలో పేరు ఉన్నవారిని తొలగించదలచినప్పుడు ఆ పాత నమోదుకు తగిన విలువ ఇవ్వాలి. నోటీసు ఇచ్చి, వారు చెప్పేది వినాలి. ఈ తీర్పు సంగతి కూడా ప్రజలకు తెలిసి ఉండటం అవసరం.

కులం రైలెక్కదు

ఓటు హక్కు చిక్కు ఎట్లాగో తీరవచ్చు. అంతకంటె లోతైనది, పార్లమెంటు మాత్రమే తీర్చగలిగినది, కుల ధ్రువపత్రాల సమస్య. 341, 342 అధికరణాల కింద రాష్ట్రపతి ప్రకటించే షెడ్యూల్డ్ కులాలు, తెగల జాబితాలు ఆయా రాష్ట్రాలకు పరిమితం. ఆంధ్రప్రదేశ్‌లో మాల, మాదిగ కులాలు షెడ్యూల్డ్ కులాలు. పశ్చిమ బెంగాల్ జాబితాలో ఆ పేర్లు లేవు. ఉత్తరాంధ్ర మాలపల్లి నుంచి రైలెక్కినవానితో పాటు అంటరానితనం బాధ రైలెక్కింది. రాజ్యాంగం ఇచ్చిన రక్షణ మాత్రం స్టేషన్‌లోనే దిగిపోయింది.

ఈ విషయంలో ప్రమాణంగా నిలిచిన తీర్పు తెలుగు కుటుంబానిదే కావడం విశేషం. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు పొందిన ఒక కుటుంబం, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరింది. కుమారుడు అక్కడ వైద్య కళాశాలలో తెగలకు కేటాయించిన సీటు కోరాడు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో రాజ్యాంగ ధర్మాసనం అతని కోరికను నిరాకరించింది. ఒక రాష్ట్రంలో వెనుకబాటును బట్టి ఇచ్చిన హోదా మరొక రాష్ట్రానికి వెంట రాదని తీర్పు సారాంశం. 1994లోను, 2018లో బీర్ సింగ్ కేసులోను సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని స్థిరపరచింది.

అయితే 1990 తీర్పులో మరొక మాట కూడా ఉన్నది. ఉద్యోగ కారణాల వల్ల అనివార్యంగా వలస వచ్చినవారి ఇబ్బందిని చట్టసభలు పరిశీలించవచ్చునని న్యాయస్థానం సూచించింది. మూడున్నర దశాబ్దాలు గడిచాయి. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఈ సూచనను సమగ్రమైన చట్టంగా మలచే ప్రయత్నం ఫలించలేదు.

ఇందులో ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు సంబంధించిన మెలిక ఒకటి ఉంది. కేంద్ర హోం శాఖ 1977లో ఇచ్చిన సూచనల ప్రకారం, షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వెలువడిన 1950 ఆగస్టు 10న వ్యక్తి గాని, అప్పటికి పుట్టనివాడైతే అతని తల్లిదండ్రులు గాని ఎక్కడ స్థిరనివాసం కలిగి ఉన్నారన్నదే గీటురాయి. ఆనాటికి ఖరగ్‌పూర్‌లో స్థిరపడి ఉన్న కుటుంబానికి ఆంధ్ర ధ్రువపత్రం అడిగే దారి ఇరుకు. బెంగాల్ జాబితాలో కులం పేరే లేదు. ముందు వచ్చినవారికి ముందే తలుపు మూసుకున్నది.

పుట్టింట పరాయితనం

సరే, పూర్వీకుల రాష్ట్రానికి తిరిగి వెళదామా అంటే అక్కడ స్థానికత అడ్డు వస్తుంది. ముల్కీ నిబంధనల మీద 1969, 1972 సంవత్సరాలలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులు, తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాలు, ఆరు సూత్రాల పథకం, దాని ఫలితంగా 32వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371-డి అధికరణం మన పాఠకులకు సుపరిచితాలు. విద్యాలయాల ప్రవేశాలలో 85 శాతం సీట్లు స్థానికులకు ప్రత్యేకించి, వరుసగా నాలుగేళ్ల చదువును స్థానికతకు గీటురాయిగా చేసిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుకు పునాది అదే. 2025 సెప్టెంబరు 1న తెలంగాణ వైద్య విద్య ప్రవేశాల కేసులోను సుప్రీంకోర్టు నాలుగేళ్ల నిబంధనను సమర్థించింది.

ఆ నిబంధనలకు చారిత్రక కారణాలు ఉన్నాయి. వెనుకబడిన ప్రాంతాలకు రక్షణ అవసరమే. కాని ఖరగ్‌పూర్‌లో పది చదివిన తెలుగు బాలిక విశాఖలో స్థానికురాలు కాదు. బెంగాల్‌లో ఆమె కులానికి గుర్తింపు లేదు. బెంగాల్ ఆమెను ఆంధ్రుల పిల్ల అంటుంది, ఆంధ్ర ఆమెను బెంగాల్ పిల్ల అంటుంది. భారత పౌరురాలని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆ ఒప్పుకోలు వల్ల ఆమెకు దక్కుతున్నదేమిటి?

బయటి దేశాల పాఠం

ఈనాడు తెలుగు మధ్యతరగతికి పౌరసత్వ సమస్య అనగానే గుర్తుకు వచ్చేది అమెరికా గ్రీన్ కార్డు. ఒక దేశంలో పుట్టినవారికి మొత్తం వీసాలలో 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన వల్ల భారతీయులు దశాబ్దాలు వేచి ఉండవలసి వస్తున్నది; వరుస కదిలేలోగా పిల్లలకు 21 ఏళ్లు నిండి తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతున్నారు. అంతకు ముందు తరం వారికి రంగూన్ అనుభవం ఉన్నది. ఓడ రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగువారు యుద్ధకాలంలో కొందరు, 1960 దశకంలో మరికొందరు తిరిగి వచ్చారు. మిగిలినవారిని 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం 1823కు పూర్వపు మూలాలు అడిగింది.

అమెరికాలోని తెలుగువాడు, బర్మాలోని తెలుగువాడు పరాయి దేశపు చట్టాన్ని ఎదుర్కొన్నారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ వాసి ఎదుర్కొంటున్నది సొంత దేశపు చట్టాన్ని. డాలస్‌లోని మనవాని గురించి ఢిల్లీలో వినతిపత్రాలు ఇచ్చే మన పార్లమెంటు సభ్యులు రైలులో ఒక రాత్రి ప్రయాణపు దూరంలో ఉన్న మనవాని గురించి కూడా ఒక ప్రశ్న వేస్తే బాగుండును.

చేయదగినవి

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. అభినందనీయమైన నిర్ణయం. ఆ హోదాకు సార్థకత రావాలంటే ఖరగ్‌పూర్‌లో తెలుగు వ్యవహారం కావాలి. నోటీసులు, ఫారాలు, విచారణలు తెలుగులోనూ జరగాలి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు 350-ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకు 350-బి అధికరణం 1956 నుంచి రాజ్యాంగంలో ఉన్నవే.

రైల్వే శాఖ తన పాత సిబ్బంది రికార్డుల నుంచి కుటుంబాలకు ధ్రువీకృత నకళ్లు ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. ఖరగ్‌పూర్ కార్మికుని చరిత్ర అంతా రైల్వే బీరువాలలోనే ఉన్నది. ఎన్నికల కమిషన్ రైల్వే క్వార్టరు కేటాయింపు ఉత్తర్వును ప్రభుత్వం ఇచ్చిన ఇంటి కేటాయింపు పత్రంగా పరిగణించాలని విస్పష్టంగా చెప్పవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు స్థానికుల వాటాకు భంగం రాకుండానే, స్థానికేతరులకు వదలిన 15 శాతంలో ప్రవాసాంధ్ర రైల్వే కుటుంబాల పిల్లలకు అర్హత కల్పించే సంగతి ఆలోచించవచ్చు. కుల ధ్రువపత్రాల విషయం మాత్రం పార్లమెంటుదే. 1990లో సుప్రీంకోర్టు పంపిన బంతి ఇంకా పార్లమెంటు ఆవరణలోనే పడి ఉన్నది.

దేశానికి రైళ్లు కావలసి వచ్చినప్పుడు ఈ కుటుంబాలను ఏ రాష్ట్రపువారని ఎవరూ అడగలేదు. నూరేళ్లు పనిచేయించుకున్న తరువాత ఆ ప్రశ్న అడుగుతున్నాం. అడగవచ్చు. కాని దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత వారి ఇనుప పెట్టెలలోని కాగితాలకన్నా ముందు, వారిని రప్పించిన రైల్వే మీద, వారికి ఒకే పౌరసత్వం వాగ్దానం చేసిన రాజ్యం మీద ఉన్నది.